గీతకు ఎటు పక్కన ఉన్నాం?



2025 అక్టోబరు 28 రాత్రి కృష్ణా, గోదావరి డెల్టాల్లో చాలా ఇళ్లలో కంటి మీద కునుకు లేదు. అర్ధరాత్రి వేళకు మొంథా తుఫాను నర్సాపురం దగ్గర తీరం దాటింది. అదే రాత్రి, మన గడియారంలో పదిన్నర ప్రాంతంలో, భూగోళానికి అవతలి పక్కన జమైకా దీవి మీద మెలిస్సా హరికేన్ విరుచుకుపడింది. వాళ్లకప్పుడు మధ్యాహ్నం. మొంథా గాలి గంటకు 90, 100 కిలోమీటర్లు. మెలిస్సాది 300కు దగ్గర. బలంలో రెంటికీ పోలికే లేదు. కానీ పుట్టుక ఒకటే. వేడెక్కిన సముద్రం మీద పుట్టి, నీటి ఆవిరితో బలిసి, గడియారం ముల్లుకు ఎదురుదిక్కున తిరుగుతూ వచ్చినవే రెండూ. వాటి రాకను రోజుల ముందే చెప్పిన లెక్కలు కూడా ఒక కోవకు చెందినవే. కంప్యూటర్లలో నడిచే ఆ లెక్కల్ని వాతావరణ మోడళ్లు అంటున్నాం. వాటి గురించి, అవి చెప్పేదాన్ని మన కింది కృష్ణా డెల్టా వాళ్లం ఎలా వినాలన్న దాని గురించి ఈ పూట మాట్లాడతాను.

ఆ రోజు పొద్దున మొవ్వ సెంటర్లో ఒక పెద్దాయన నన్ను ఆపారు. వరి ఈని, పాలు పోసుకుంటున్న రోజులు. “ఏమండీ మాస్టారూ, కాకినాడ కాడ దాటుద్దని చెప్తన్నారు టీవీలో. మన చేలకి ఫర్వాలేదుగా?” అన్నారు. “బాబాయిగారూ, వాళ్లు చెప్పింది మచిలీపట్నానికీ కళింగపట్నానికీ మధ్య, కాకినాడ పరిసరాల్లో అని. మచిలీపట్నమంటే మన బందరే, అదీ అందులో ఉందండి” అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, “అయితే మనమూ లెక్కలో ఉన్నట్టేగా” అన్నారు.

ఆయన మాటే నిజమైంది. నర్సాపురం కాకినాడకు సుమారు 80 కిలోమీటర్లు ఇటువైపు, అంటే మన వైపు. వాతావరణ శాఖ చెప్పిన పరిధి దాటి తుఫాను ఎక్కడికీ పోలేదు. వినే మనమే ఒక ఊరి పేరు పట్టుకుని మిగతా వాక్యం వదిలేశాం. టీవీ తెర మీద కూడా ఆ ఒక్క పేరే పెద్ద అక్షరాల్లో కదిలింది. ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం. ఎందుకంటే ఆ వదిలేసిన సగం వాక్యం తయారు చేయడానికే శాస్త్రం నూరేళ్లు కష్టపడింది.

ఆ కష్టం ఏమిటో బందరు నుంచే చూద్దాం. బందరు వాతావరణ కేంద్రంలో గ్యాసు నింపిన పెద్ద బెలూను ఒకటి ఆకాశంలోకి వదులుతారు. దాని కింద చేతిలో పట్టేంత పెట్టె వేలాడుతూ ఉంటుంది. అది పైకి పోతూ పోతూ గాలి ఒత్తిడి, వేడి, తేమ కొలిచి రేడియో సంకేతాలతో కిందికి పంపుతుంది. బెలూను కొట్టుకుపోయే తీరును బట్టి ఏ ఎత్తులో ఏ దిక్కు గాలి ఎంత వేగంతో వీస్తోందో తెలుస్తుంది. ప్రపంచ వాతావరణ కేంద్రాల పట్టికలో బందరు నంబరు 43185. ఆ నంబరు తగిలించుకుని మన ఊరి మీది గాలి వివరాలు ఢిల్లీకి, అక్కడి నుంచి ఇంగ్లండుకు, అమెరికాకు, జపానుకు చేరతాయి. అక్కడి కంప్యూటర్లన్నీ ఆ అంకెల్ని కలుపుకునే లెక్క మొదలుపెడతాయి.

చిక్కల్లా సముద్రం మీద. బంగాళాఖాతం నడుమ బెలూను వదిలే మనిషి ఉండడు. లంగరు వేసిన కొన్ని పరికరాల బోయాలు, దారిన పోయే ఓడలు, పైనుంచి చూసే ఉపగ్రహాలు, ఇవే దిక్కు. అట్లాంటిక్‌లో హరికేన్ లేస్తే అమెరికా వాళ్ల విమానాలు దాని నడుమ ఉండే కంటి దాకా వెళ్లి పరికరాలు జారవిడిచి వస్తాయి. మనకు ఆ ఏర్పాటు లేదు. ఉపగ్రహ చిత్రంలో మేఘాలు ఎంత బిగువుగా చుట్టుకున్నాయో చూసి తుఫాను బలం ఎంతో అంచనా కడతారు. అంటే లెక్క మొదలయ్యే చోటే కొంత సందేహం ఉంది. ఇది గుర్తుపెట్టుకోండి, దీనితో పని ఉంది.

ఇక లెక్క. భూమి చుట్టూ ఉన్న గాలినంతా గళ్లుగా విడగొడతారు. ఒక్కో గడిలో గాలి ఎలా ఉందో అంకెలు వేస్తారు. పక్క గడిలో ఒత్తిడి తక్కువైతే ఇటు గాలి అటు కదులుతుంది, తేమ చల్లబడితే మేఘమవుతుంది, మేఘం కట్టేటప్పుడు వేడి విడుదలవుతుంది. ఈ భౌతిక సూత్రాలతో ప్రతి గడికీ కొద్ది నిమిషాల తర్వాతి స్థితి కడతారు. ఆ వచ్చినదాంతో మళ్లీ కొద్ది నిమిషాలు ముందుకు. అలా పది రోజుల దాకా. నిన్నమొన్నటి దాకా మన దేశం వాడిన గడి వెడల్పు సుమారు 12 కిలోమీటర్లు. ఆ కొలతలో మొవ్వ నుంచి బందరు రెండు గళ్ల దూరం. 2025 మే 26న మొదలుపెట్టిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో గడి 6 కిలోమీటర్లకు తగ్గింది. ఇప్పుడు మొవ్వకీ బందరుకీ మధ్య నాలుగు గళ్లు. గడి సగానికి తగ్గితే లెక్క ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ భారం మోయడానికే 2024 సెప్టెంబరులో పుణెలో అర్క, నోయిడాలో అరుణిక అనే సూపర్ కంప్యూటర్లు పెట్టారు.

ఈ పని చేతితో చేయాలని మొదట చూసినవాడు ఇంగ్లండుకు చెందిన లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్. 1922లో వేసిన పుస్తకంలో ఒక రోజు, ఆరు గంటల వాతావరణం మాత్రం కట్టి చూపించాడు. ఒత్తిడి 145 మిల్లీబార్లు మారాలని వచ్చింది. ఎంత పెద్ద తుఫానులోనూ ఆరు గంటల్లో అంత మారదు. ఫలితం పూర్తిగా తప్పు. అయినా దాచుకోలేదు, అచ్చు వేశాడు. 64 వేల మంది ఒక పెద్ద హాల్లో కూర్చుని లెక్కలు వేస్తూ ఉంటే వాతావరణంతో పాటు పరుగెత్తవచ్చని ఊహ కూడా రాసుకున్నాడు. మొదటి కంప్యూటర్ సూచన రావడానికి 1950 దాకా ఆగాల్సి వచ్చింది.

అయితే గళ్లు ఎంత సన్నం చేసినా తీరని ఇబ్బంది ఒకటి 1961లో బయటపడింది. ఎడ్వర్డ్ లోరెంజ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు తన లెక్కను మధ్యలో నుంచి తిరిగి నడపాలని 0.506127 అన్న అంకెను కుదించి 0.506 అని కొట్టాడు. తేడా వెయ్యో వంతులో ఎక్కడో ఉంది. మొదట రెండు లెక్కలూ కలిసే నడిచాయి. పోనుపోను విడిపోయి, చివరికి ఒకదానికొకటి సంబంధం లేని వాతావరణాలు చూపించాయి. సముద్రం మీద మన కొలతల్లో సందేహం ఉందని ఇందాక చెప్పాను కదా. ఆ సందేహం రోజులు గడిచేకొద్దీ ఇలాగే పెరుగుతుంది.

దీనికి శాస్త్రజ్ఞులు కనిపెట్టిన ఉపాయం నాకు చాలా ఇష్టం. తెలియనిదాన్ని దాచిపెట్టకుండా దాన్ని కూడా లెక్కలోకే తీసుకున్నారు. మొదటి అంకెల్ని కొద్దికొద్దిగా మార్చి ఒకే మోడల్‌ని ఇరవై సార్లు, యూరప్ కేంద్రంలో అయితే యాభై సార్లు నడుపుతారు. యాభై తుఫానులు, వాటి దారులుగా యాభై గీతలు. అవన్నీ దగ్గరగా నడిస్తే నమ్మకం ఎక్కువ. విచ్చుకుంటే తక్కువ. మ్యాపు మీద ముందుకు పోయేకొద్దీ వెడల్పయ్యే రంగు పట్టీ ఒకటి చూస్తారే, ముందుచూపులో ఉండే ఆ సందేహానికి కొలతే అది.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్సీ. చదివి అమెరికాలో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీకి వెళ్లిన టి.ఎన్. కృష్ణమూర్తి ఇంకో మెట్టు ఎక్కారు. వేరువేరు దేశాల మోడళ్లలో ఏది గతంలో ఎంత తప్పిందో లెక్కగట్టి, దాన్ని బట్టి ఒక్కోదాని మాటకు ఒక్కో విలువ ఇచ్చి అన్నిటినీ కలిపారు. సూపర్ ఎన్సెంబుల్ అన్న ఆ పద్ధతి 1999లో వెలువడింది. విశాఖలో చదువుకున్న మనిషి ఆలోచన హరికేన్ల అంచనాకూ, మన తుఫానుల అంచనాకూ ఇవాళ పనికొస్తోంది.

ఇన్ని చేశాక ఎంత దగ్గరికి వచ్చాం? మన వాతావరణ శాఖ సూచనల్లో 24 గంటల ముందు చెప్పిన చోటుకూ, తుఫాను నిజంగా ఉన్న చోటుకూ ఈ మధ్య ఏళ్లలో సగటు తేడా 70, 80 కిలోమీటర్లు. మూడు రోజుల ముందైతే 150 పైచిలుకు. దీన్ని మన నేల మీద పరచి చూడండి. బందరు నుంచి బాపట్ల తిన్నగా 80 కిలోమీటర్ల లోపు. బందరు నుంచి నర్సాపురం 70 లోపు. అంటే రేపు బందరు దగ్గర దాటుతుందని ఇవాళ చెబితే, బాపట్ల దగ్గర దాటినా నర్సాపురం దగ్గర దాటినా అది మామూలు తేడాయే. పసిఫిక్‌లో ఓడ నడిపేవాడికి 80 కిలోమీటర్లు పెద్ద లెక్క కాకపోవచ్చు. దివిసీమలో ఉండేవాడికి ఆ తేడా ప్రాణాలకు సంబంధించినది.

ఎందుకో 1977 చెబుతుంది. ఆ నవంబరు 12న ఒక తుఫాను నాగపట్నం దగ్గర దాటింది. వారం తిరక్కుండానే ఇంకొకటి వచ్చింది. మొదట పడమరగా సాగి, తర్వాత ఉత్తరానికి మళ్లి, 19న చీరాల ప్రాంతంలో తీరం దాటింది. చీరాల ఎక్కడ, అవనిగడ్డ ఎక్కడ! మధ్యలో 60, 70 కిలోమీటర్లు. కానీ సముద్రం వచ్చి పడింది దివిసీమ మీద. సొర్లగొంది, హంసలదీవి, పాలకాయతిప్ప, ఎదురుమొండి, ఈ పేర్లు చెబితే ఇప్పటికీ మా ప్రాంతంలో మాట ఆగిపోతుంది. అయిదు మీటర్ల నీరు, మూడు నిలువుల ఎత్తున లేచి, పది పదిహేను కిలోమీటర్లు లోపలికి వచ్చింది. పది వేల మందికి పైగా పోయారు. పశువులకు లెక్కే లేదు.

చీరాలలో దాటితే దివిసీమ ఎందుకు మునిగింది? తుఫాను వెళ్లే దిక్కుకు మొహం పెట్టి, దాని వెంటే మనమూ నడుస్తున్నామనుకోండి. మన కుడి చేతి వైపు గాలి తిరిగే వేగం, తుఫాను నడిచే వేగం ఒకదానికొకటి తోడవుతాయి. వాయవ్యంగా వచ్చి మన తీరం తాకే తుఫానుకు కుడి వైపున గాలి సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది. ఎడమ వైపున నేల నుంచి సముద్రం మీదికి వీస్తుంది. కుడి వైపు గాలి నీటిని గంటల తరబడి తీరానికి నెడుతుంది. లోతైన సముద్రమైతే ఆ నీరు అడుగు నుంచి వెనక్కి పోయేది. నిజాంపట్నం నుంచి దివిసీమ దాకా సముద్రం చాలా దూరం మెరకగానే ఉంటుంది. వెడల్పాటి పళ్లెంలో నీళ్లను ఒక వైపుకు ఊదితే అంచెక్కినట్టు, పోయే దారి లేక నీరు ఒడ్డెక్కుతుంది. అదే ఉప్పెన.

కాబట్టి కింది కృష్ణా వాళ్లం తుఫాను వార్త వినగానే వేసుకోవాల్సిన ప్రశ్న, గీత మన ఊరి మీదుగా పోతుందా అన్నది మాత్రమే కాదు. గీతకు మనం ఎటు పక్కన ఉన్నాం? చీరాల, బాపట్ల, నిజాంపట్నం వైపు దాటే తుఫానుకు మనం కుడి పక్కన ఉంటాం. అది మన తుఫానే. నర్సాపురం, అంతర్వేది, కాకినాడ వైపు దాటితే ఎడమ పక్కన ఉంటాం. ఉప్పెన భయం తగ్గుతుంది. వాన, గాలి మాత్రం తప్పవు. మొంథా రాత్రి మనల్ని కాపాడింది ఈ ఎడమ పక్కే. అదే తుఫాను నర్సాపురం నుంచి ఇంకొక 80 కిలోమీటర్లు ఇటు జరిగి ఉంటే మన పక్క మారేది. సగటు తేడా అంతే కదా అని ఇందాకే అనుకున్నాం.

ఉప్పెనకు లెక్క లేకపోలేదు. భారత వాతావరణ శాస్త్రజ్ఞుడు పి.కె. దాస్ బంగాళాఖాతపు ఉప్పెనలను కట్టే గణిత పద్ధతిని 1972లోనే నేచర్ పత్రికలో ప్రకటించారు. దివిసీమ ఉప్పెనకు అయిదేళ్ల ముందు. ఆ లెక్కను ఊరి పేరుతో, గంటల ముందు, జనం చెవిన వేసే సరంజామా అప్పటికి లేదు. ఇవాళ హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ తుఫాను వచ్చినప్పుడల్లా తీరం వెంబడి ఎక్కడ ఎంత ఎత్తు నీరు లేవవచ్చో మోడల్ కట్టి ఇస్తోంది.

సరంజామా వస్తే ఏమవుతుందో 1990 చూపించింది. ఆ మే 9న వచ్చిన తుఫాను కృష్ణ కలిసే చోటికి దగ్గరలోనే దాటింది. బలంలో 1977 దానికి తీసిపోదు. కానీ అప్పటికి ఇన్‌శాట్ ఉపగ్రహం కన్ను పైన ఉంది, తుఫాను షెల్టర్లు లేచాయి. లక్షన్నరకు పైగా జనాన్ని ముందే కదిలించారు. రాష్ట్రంలో 967 మంది చనిపోయారు. అది చిన్న సంఖ్య అనడానికి నాకు నోరు రాదు. కానీ పదమూడేళ్ల ముందు జరిగినదానితో పోల్చకుండా ఉండలేం. అసలు 1864 నవంబరు 1 రాత్రి బందరును సముద్రం ముంచినప్పుడు సుమారు 30 వేల మంది ఏమీ తెలియకుండానే పోయారు. ఆ ఏడాది అక్టోబరులో కలకత్తా, నవంబరులో బందరు. భారత వాతావరణ శాఖ 1875లో పుట్టడం వెనుక ఇలాంటి దెబ్బలున్నాయి.

మోడళ్లు తప్పిన సందర్భాలు కూడా మన తీరం మీదే ఉన్నాయి. 2013 నవంబరు 22న హెలెన్ బందరు దగ్గరే దాటింది. అది దాటి ఊపిరి పీల్చుకునేలోపు లెహర్ బయలుదేరింది. అతి తీవ్ర తుఫానుగా వస్తుందన్నారు, జనాన్ని తరలించారు. 28న బందరు దగ్గరికి చేరేసరికి అది వాయుగుండంగా నీరుగారిపోయింది. పొడిగాలి లోపలికి చొరబడింది, పై ఎత్తులో గాలులు దాన్ని వంచేశాయి, కింద సముద్రంలో వేడి చాల్లేదు. దారి చెప్పడం కన్నా బలం చెప్పడం కష్టం. దారిని నడిపించేవి వేల కిలోమీటర్ల పొడవున్న గాలులు, అవి గళ్లలో చక్కగా దొరుకుతాయి. బలాన్ని తేల్చేది కంటి చుట్టూ కొద్ది కిలోమీటర్ల లోపల జరిగే తతంగం, అది గడి కన్నా చిన్నది.

లెహర్ తర్వాత షెల్టర్ల నుంచి తిరిగొచ్చినవాళ్లు విసుక్కున్నారంటే అర్థం చేసుకోగలం. గొడ్డూ గోదా వదిలి, పిల్లల్ని ఎత్తుకుని వెళ్లి, ఒట్టి జల్లు చూసి రావడం ఎవరికైనా చిరాకే. కానీ 2022 మేలో వచ్చిన అసనిని దీని పక్కన పెట్టండి. సముద్రంలోనే మలుపు తిరిగి ఈశాన్యంగా వెళ్లిపోతుందని, తీరం దాటదని మొదట అంచనా. దారి చూపే గాలులు బలహీనంగా ఉన్నప్పుడు మోడళ్లు తడబడతాయి. అది మలుపు తిరగకుండా వచ్చి వచ్చి, మే 11 సాయంత్రం బందరుకీ నర్సాపురానికీ మధ్య నేలెక్కింది. అదృష్టం కొద్దీ అప్పటికే బలం ఉడిగిపోయింది. లెహర్ అన్న బలంతో రాలేదు, అసని రాదంటే వచ్చింది. రెండూ ఒకే సందేహానికి రెండు కొసలు. మొదటిదానికి విసుక్కుని, రెండోదానికి కదలకుండా కూర్చుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

కృత్రిమ మేధ సంగతి కూడా రెండు ముక్కలు చెప్పాలి, చాలామంది అడుగుతున్నారు. 2023లో గూగుల్ వారి గ్రాఫ్‌కాస్ట్ లాంటివి వచ్చాయి. ఇవి సూత్రాలతో లెక్క కట్టవు. దాదాపు నలభై ఏళ్ల వాతావరణ రికార్డును చదువుకుని, ఇలా ఉంటే తర్వాత అలా మారుతుందని చెబుతాయి. గంటలు పట్టే పని నిమిషంలో తేలుతుంది. 2025 సీజనులో అమెరికా హరికేన్ కేంద్రం వాళ్లు ఇలాంటి మోడల్‌ని పక్కన పెట్టుకునే పని చేశారు. దారి చెప్పడంలో ఇవి చాలా బాగున్నాయి. కానీ అవి చదువుకున్న ఆ రికార్డు పాత పద్ధతి మోడళ్లు, కొలతలు కలిపి తయారు చేసిందే. బందరు బెలూను మానేస్తే రేపటి కృత్రిమ మేధకు కూడా చదువు సాగదు.

దగ్గరికి వచ్చాక మోడల్ కన్నా రాడారు ముఖ్యం. బందరులో డాప్లర్ రాడారు 2004 నుంచి ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు అక్కడి రాడారు గాలికి దెబ్బతింది. అలాంటప్పుడు బందరు రాడారు లాంటి పక్క రాడారే దిక్కు.

ఇక మా రైతుల అసలు బాధ వాన. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్లకు దక్షిణంగా దాటినప్పుడు ఉప్పెన మనల్ని ముంచలేదు. కోసి పనల మీదున్న వరిని వాన ముంచింది. మోడల్ పలానా జిల్లాలో 20 సెంటీమీటర్లని చెప్పగలదు. ఆ నీరు చేలో ఎన్ని రోజులు నిలుస్తుందో చెప్పాలంటే డ్రెయిన్లో గుర్రపుడెక్క ఎంత ఉందో, పూడిక ఎంత ఉందో, మొగ దగ్గర పోటు ఎప్పుడో తెలియాలి. పోటు వేళ సముద్రం నీరు తీసుకోదని మా డెల్టాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఈ ముక్క ఏ ఉపగ్రహమూ చూడలేదు. డ్రెయిన్ల కొలతలు మనవాళ్లు తీసి ఇస్తేనే లెక్కలోకి వస్తుంది. మూడు రోజుల ముందు హెచ్చరిక వస్తే, కోయనిది కోయకుండా ఆపొచ్చు, కోసింది కుప్ప వేసి బరకాలు కప్పొచ్చు. ఎకరం కుప్ప వేయడానికి కూలీలు దొరకాలి కదా అంటారు, నిజమే. ఆ మూడు రోజుల్లో మొదటి రోజు ఎదురుచూపుల్లో పోకపోతే దొరుకుతారు.

వచ్చే తుఫాను కాలం లోపల చేయదగ్గ పని ఒకటి అడిగి ముగిస్తాను. బులెటిన్లో ఉప్పెన గురించి చెప్పేటప్పుడు, మామూలు పోటు మట్టం మీద మీటరు, మీటరున్నర ఎత్తు అని చెబుతారు. నాగాయలంకలో, కోడూరులో, కృత్తివెన్నులో వినేవాళ్లకు అది తమ కరకట్ట దాటుతుందో లేదో తెలిసేదెలా? ప్రతి తీరగ్రామంలో పంచాయతీ గోడ మీద, షెల్టరు గోడ మీద మూడు అంకెలు రాయించండి. పోటు మట్టం ఎంత, కరకట్ట ఎత్తు ఎంత, 1977లో ఆ ఊళ్లో నీరు ఎంత దాకా వచ్చింది. మొదటి రెండూ ఇంజనీర్ల దగ్గర దొరుకుతాయి. మూడోది చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు యాభై దాటి, అరవై దాటి ఉన్నారు. వాళ్లను ఈ వేసవిలోనే అడగండి.